మచ్చిక: ఒక కంప్యూటరు ఆట చెప్పిన పాఠం

సంక్రాంతి నెల పట్టిన నాటినుంచి మా పాలకొల్లు వీథులలో సన్నాయి వినిపిస్తుంది. దాని వెనుకనే వీపుమీద రంగుల బొంత, కొమ్ములకు కుచ్చులు, మెడలో మువ్వలు ధరించి గంగిరెద్దు వస్తుంది. "అమ్మగారికి దండం పెట్టు" అంటే ముంగాళ్లు వంచుతుంది. "అయ్యగారు ధర్మప్రభువులేనా?" అంటే అవునని తల ఊపుతుంది. పిల్లలు వింతపడతారు. పెద్దలు చేటతో బియ్యం తెచ్చి జోలెలో పోస్తారు. ఎద్దుకు ఈ విద్య ఎట్లా అబ్బినదని మాత్రం ఎవరూ అడగరు.

ఒక పండుగనాడు ఆ ప్రశ్న మా ఇంటిలోనే పుట్టినది. అడిగినవాడు మా మనుమడు. సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చిన ఆ పిల్లవాని సంచిలో ఒక పాత డిస్కు ఉన్నది. అది వాని తండ్రి, అనగా మా అబ్బాయి, ఇంజనీరింగు చదివే రోజులలో కొనుక్కొన్న కంప్యూటరు ఆట. దానిని ఇప్పటి కంప్యూటరు మీద నడిపించటానికి పిల్లవాడు ఒక పూటంతా శ్రమపడినాడు. గంగిరెద్దు మా గుమ్మం దాటిపోయిన తరువాత, "తాతగారూ, మీరు కూడా ఒక జంతువును పెంచండి. అది మీ మాట వింటుందో లేదో చూద్దాం" అన్నాడు. ఆ పందెమే ఈ ప్రసంగానికి మూలం.

ఆ ఆట పేరు 'బ్లాక్ అండ్ వైట్'. అనగా నలుపూ తెలుపూ. ఇంగ్లండులోని గిల్‌ఫర్డ్ పట్టణంలో లయన్‌హెడ్ అనే సంస్థవారు దానిని తయారుచేసి 2001లో విడుదల చేసినారు. ఆ సంస్థ 2016లో మూతపడినది. ఆటను రూపొందించిన పీటర్ మోలిన్యూ అంతకుముందు, 1989లో, 'పాప్యులస్' అనే మరొక ఆటతో పేరు సంపాదించినవాడు. ఈ రెండు ఆటలలోను ఆడేవాడు రాజు కాడు, సైనికుడు కాడు. దేవుని స్థానంలో కూర్చుంటాడు. అందువల్లనే వీటికి దేవుడాటలు అని పేరు వచ్చినది.

కథ సముద్రతీరాన ప్రారంభమవుతుంది. ఒక పిల్లవాడు నీటిలో ఉన్నాడు. సొరచేపలు చుట్టుముట్టుతున్నవి. తల్లిదండ్రులు ఒడ్డున నిలిచి ప్రార్థిస్తారు. ఆ మొర నుంచి ఒక దేవుడు పుట్టి బిడ్డను కాపాడుతాడు. ఆ దేవుడు ఎవరో కాదు, కంప్యూటరు ముందు కూర్చున్న మనమే. ఈ కథ మా ఊరివారికి మరీ కొత్త కాదు. ఉపమన్యుడనే బాలుడు పాలకోసం శివుని ప్రార్థించగా పాలకొలను ఏర్పడినదనీ, ఊరికి ఆ పేరే వచ్చినదనీ మా స్థలపురాణం. పంచారామాలలో ఒకటైన క్షీరారామం ఇక్కడనే ఉన్నది. పిలిచినవాడు బాలుడైనా సరే, దేవుడు పలుకుతాడనే నమ్మకంలోనే మేము పెరిగినాము.

ఆటలో దేవునికి ఆకారం లేదు. తెరమీద ఒక హస్తం మాత్రం కనపడుతుంది. ఆ చేతితో ధాన్యం ఎత్తవచ్చు, చెట్లు పెకలించవచ్చు, బండలు విసరవచ్చు. వానలు కురిపించే మహిమలు కూడా ఉన్నవి. ప్రజలు నమ్మినంత మేరకే దేవుని ప్రభావం పారుతుంది. వారిని ప్రేమతో నమ్మించవచ్చు, భయపెట్టి నమ్మించవచ్చు. ఏ దారి ఎన్నుకొన్నా ఆట అడ్డు చెప్పదు. తెల్లని గడ్డపు ముసలివాడొకడు మంచి సలహాలు, ఎర్రని పిశాచమొకటి చెడ్డ సలహాలు మన చెవిలో వేస్తూనే ఉంటారు.

మన దేవతలకు వాహనాలు ఉన్నట్లు ఈ దేవునికీ ఒక తోడు జంతువును ఇస్తారు. శివునికి నంది ఎట్లాగో ఇది అట్లా అనుకోవచ్చు. అయితే నంది పుట్టుకతోనే స్వామి మనసెరిగినవాడు. ఈ జంతువు ఏమీ ఎరుగదు. సమస్తం మనమే నేర్పవలె. మొదట పులి, వానరం, ఆవు అనే మూడింటిలో ఒకటి ఎంచుకోమంటారు. గోదావరి జిల్లావానికి ఇందులో ఆలోచించవలసినది ఏమున్నది? మేము ఆవును ఎంచుకొన్నాము.

ఈ ఆవు రెండు కాళ్లమీద నడుస్తుంది. పసితనంలోనే మనుషులకంటె పెద్దది. పోను పోను కొండంత అవుతుంది. తొలినాళ్లలో దానికి తిండి ఏదో తెలియదు. రాయి కనపడితే నోట పెట్టుకొంటుంది, చెట్టును కొరికి చూస్తుంది. పేడ ఎక్కడ వేయవలెనో తెలియదు. గ్రామస్థుడు ఎదురైతే వానిని ఎత్తి ముద్దాడవలెనో, విసరవలెనో, మింగవలెనో కూడా తెలియదు.

దీనికి చదువు మూడు విధాలుగా వస్తుంది. మొదటిది చూచి నేర్చుకొనటం. దేవుని హస్తం ఏమి చేస్తున్నదో అది కనిపెట్టి ఉంటుంది. హస్తం ధాన్యం తెచ్చి ఊరి గాదెలో పోస్తే, ఊరివారికి తిండి పెట్టటం యజమాని ఉద్దేశమని గ్రహించి, తానూ అదే చేయబోతుంది. చేతి కదలికను అనుకరించటం మాత్రమే కాదిది. దాని వెనుకనున్న తలంపును ఊహించటం. చేలమీద వాన కురిపించే మహిమను పలుమార్లు చూస్తే ఆ మహిమ కూడా దానికి అబ్బుతుంది. రెండవది ఆజ్ఞ. దానిని కట్టటానికి మూడు పలుపులు ఉన్నవి. ఒక పలుపు వేస్తే శ్రద్ధగా గమనిస్తుంది. ఒకటి వేస్తే శాంతం వహిస్తుంది. మరొకటి వేస్తే రౌద్రం వహిస్తుంది. పలుపు పట్టి చేయించిన పని చేయదగినదే అని అది నమ్ముతుంది. మూడవది మెప్పూ, దండనా. అది ఏదైనా చేసినప్పుడు మెల్లగా నిమిరితే ఆ పని మంచిదని, చెంపమీద కొడితే చెడ్డదని తెలుసుకొంటుంది. మెల్లని దెబ్బకూ గట్టి దెబ్బకూ భేదం కూడా గుర్తుంచుకొంటుంది.

ఈ జంతువుకు మనస్సు అమర్చిన ఇంజనీరు రిచర్డ్ ఎవాన్స్. ఆ మనస్సులో మూడు అరలు ఉన్నవని చెప్పవచ్చు. లోకం ఇట్లా ఉన్నదనే ఎరుక, ఇది కావలెననే కోరిక, కాబట్టి ఇది చేస్తాననే సంకల్పం. మన దెబ్బా, మన నిమురూ పోయి చేరేది మొదటి రెండింటిలోనికి.

ఎరుక ఎట్లా పెరుగుతుందో చెప్పటానికి మా ఊరి కొబ్బరి వ్యాపారి ఉదాహరణ చాలును. ఆయన కాయలను చేతితో పట్టగానే వేరుచేస్తాడు. ఊపితే నీరు చప్పుడు చేస్తున్నదా? అవునంటే ఒక రాశి, కాదంటే ఒక రాశి. పరిమాణం ఎంత? మళ్లీ రెండు రాశులు. ఎక్కువ కాయలను ఒక్కసారిగా తేల్చివేసే ప్రశ్ననే ఆయన ముందు వేసుకొంటాడు. ఆవు కూడా అట్లాగే తాను తిన్నవన్నీ పట్టీ వ్రాసుకొంటుంది. పెద్దరాయి తిన్నాను, గట్టిగా కొట్టినారు. చిన్నరాయి తిన్నాను, కొంచెం కొట్టినారు. గొర్రెను తిన్నాను, నిమిరినారు. ఈ పట్టీనుంచి, ఏ ప్రశ్న వేస్తే మంచి తిండి, చెడ్డ తిండి విడిపోతవో వెదకి కొమ్మలు కొమ్మలుగా ఒక నిర్ణయవృక్షం కట్టుకొంటుంది. ఈ పద్ధతిని రాస్ క్విన్లన్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు 1986లో ప్రచురించిన వ్యాసంతో లోకానికి బాగా తెలియజేసినాడు.

కోరిక సంగతి వేరు. ఆకలి ఒక చెరువు అనుకొందాం. దానిలోనికి మూడు తూములనుంచి నీరు వస్తుంది. ఒంట్లో శక్తి తగ్గటం ఒక తూము. ఎదుట రుచిగల పదార్థం కనపడటం రెండవది. మనసు దిగులుగా ఉండటం మూడవది. దిగులుపడిన మనుషులు కూడా ఊరక తినటం మనకు తెలిసినదే. చెరువు నిండితే ఆవు తింటుంది. తిన్నప్పుడు మనం నిమిరితే, ఆ సమయంలో పారుతున్న తూముల తలుపులు కొంచెం పైకి లేస్తవి. కొడితే కొంచెం దిగుతవి. కాబట్టి శక్తి తగ్గినప్పుడు తిన్నదానిని మెచ్చుకొని, దిగులుతో తిన్నదానిని మందలిస్తే, ఆవు మితాహారి అవుతుంది. తిన్నప్పుడల్లా నిమిరితే బొజ్జ పెంచుకొని నడవలేక కూర్చుంటుంది. ఈ ఏర్పాటు 1958లో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వర్ణించిన 'పర్‌సెప్ట్రాన్' అనే యంత్రానికి చుట్టం.

యంత్రాంగం ఇంత స్పష్టంగా ఉన్నప్పటికీ మా పెంపకం మొదటి రెండు రోజులలోనే చెడిపోయినది. గొర్రెను తిన్నప్పుడు నిమిరినాము. ప్రాణమున్నదంతా తినదగినదేనని అది లెక్క వేసుకొన్నది కాబోలు, మూడవనాడు ఒక గ్రామస్థుని ఎత్తి నోట వేసుకొన్నది. మేము కంగారుపడి హస్తాన్ని అటు త్రిప్పేలోపల, అది పొలంవైపు పోయి, ధాన్యం ఎత్తుకొని వచ్చి, ఊరి గాదెలో పోసినది. సరిగా ఆ క్షణంలో మా చేయి చేరినది. మనిషిని తింటావా అని మూడు దెబ్బలు వేసినాము.

మరునాటినుంచి అది గాదె దరికి రాలేదు. ఊరు పస్తులున్నది. మనుషులను తినటం మాత్రం మానలేదు. ఇది మొండి జంతువని మేము విసుగుకొన్నాము. మా మనుమడు నవ్వి, "తాతగారూ, మీరు కొట్టినది మనిషిని తిన్నందుకు కాదండి. గాదెలో ధాన్యం పోసినందుకు. అది అట్లాగే వ్రాసుకొన్నది" అన్నాడు.

ఇందులో ఆటగాళ్లు చేసిన మాయ ఏమీ లేదు. 1898లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే శాస్త్రజ్ఞుడు పిల్లులను పెట్టెలలో ఉంచి, గడియ తీసుకొని బయటపడితే తిండి దొరికే ఏర్పాటు చేసినాడు. పిల్లి మొదట గోడలన్నీ గీరుతుంది. ఎప్పుడో దైవికంగా గడియ తగులుతుంది. క్రమక్రమంగా పనికిమాలిన చేష్టలు తగ్గి, గడియ తీయటం మాత్రమే నిలుస్తుంది. సుఖం దేనికి వెన్వెంటనే తగులుకొంటే ఆ పని బలపడుతుందని ఆయన సిద్ధాంతం. కష్టం తగులుకొన్న పని అంతే బలంగా చెరిగిపోతుందని కూడా ఆయన మొదట అనుకొన్నాడు. 1930లనాటికి ఆ మాట సవరించుకొన్నాడు. మెప్పుకున్న బలం దండనకు లేదని ఆయన ప్రయోగాలలో తేలినది.

పండుగ మూడవనాడు గంగిరెద్దు మళ్లీ వస్తే దానిని తెచ్చినాయనను అరుగుమీద కూర్చుండబెట్టి ఈ మాటే అడిగినాము. కొట్టి నేర్పుతారా అన్నాము. "కొడితే బెదురుతాదండి. బెదిరిన గొడ్డు మన మాట వినదండి, మన చెయ్యి వంకే చూస్తాదండి" అన్నాడు. తల ఊపినప్పుడు అప్పటికప్పుడు ఏదో ఒకటి నోటికి పెట్టవలెనట, గంగడోలు నిమరవలెనట. మరి "ధర్మప్రభువులేనా" అన్న ప్రశ్న ఎద్దుకు తెలుస్తుందా అంటే, నవ్వి చేతిలోని తాడు చూపినాడు. 1904లో బెర్లిన్ నగరంలో లెక్కలు చేస్తుందని పేరుపొందిన హాన్స్ అనే గుర్రం కథ కూడా ఇంతే. ప్రశ్న అడిగినవాని తలలోని సన్నని కదలికను కనిపెట్టి అది కాలు తట్టటం ఆపుతున్నదని ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు తేల్చినాడు. జంతువు మన ప్రశ్నను చదవదు, మనలను చదువుతుంది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ముప్పయి యేండ్లు దాటిన ఒక సంగతి జ్ఞాపకం వచ్చినది. మా అబ్బాయికి పదేళ్లుంటవి. బడి రుసుము కట్టమని ఇచ్చిన డబ్బు ఎక్కడనో పారవేసుకొన్నాడు. రెండు రోజులు చెప్పలేదు. మూడవనాటి సాయంకాలం, ఎవరూ అడగకుండానే, తానే వచ్చి మా ముందు నిలిచి ఉన్నమాట చెప్పినాడు. మేము చెంపమీద కొట్టినాము. డబ్బు పోగొట్టినందుకు కొట్టినామని అప్పుడు అనుకొన్నాము. ఇన్నాళ్లూ అదే అనుకొంటూ వచ్చినాము. కాని డబ్బు పోయి అప్పటికి మూడు రోజులైనది. దెబ్బ తగిలిన నిమిషంలో వాడు చేసిన పని నిజం చెప్పటం.

ఆ తరువాత వాడు మాకు అబద్ధం చెప్పినాడని అనలేము. చెప్పటం మానినాడు. వాని ఉద్యోగం పోయిన సంగతి ఆరు నెలల తరువాత మాకు పరులవల్ల తెలిసినది. ఫోనులో ఎప్పుడు అడిగినా "అంతా బాగానే ఉన్నదండి" అనేవాడు. గాదె దరికి రాని ఆవును చూచిన తరువాత ఆ మాట మాకు మరొక విధంగా వినపడినది.

మరునాడు ఆవును మళ్లీ చేరదీసినాము. ఈసారి మా మనుమడు చెప్పినట్లు నడిచినాము. మొదట హస్తం శుభ్రంగా ఉంచుకొనవలె. గమనించే పలుపు వేసి ఉండగా మనం విసుగుతో ఒక బండ విసరితే, దానికి ఆనాటి పాఠం బండ విసరటమే. రెండవది, ఒక పూట ఒకే పాఠం. మూడవది, ఆకలిగొన్నదానికి చదువు చెప్పరాదు. ముందు మేత, తరువాతనే నీతి. నాలుగవది అన్నిటికంటె కష్టమైనది. సమయం మించిపోతే చేయి వెనుకకు తీసుకొనవలె. తప్పు కంటిముందు కనపడుతున్నా సరే, అది మరొక పనిలో పడిన తరువాత కొట్టరాదు. తప్పు మళ్లీ జరిగే దాకా ఓర్చుకొనవలె.

గాదెలో ధాన్యం మేమే పోయటం మొదలుపెట్టినాము. ఆవు దూరంగా నిలిచి చూచినది. ఒక పూట గడిచినది, రెండు పూటలు గడిచినవి. మూడవ పూట ఒక గుప్పెడు ధాన్యం తెచ్చి, గాదె ముందు ఆగి, మావైపు తిరిగి చూచినది. ఆ చూపు మేమెరుగుదుము. పోసిన వెంటనే నిమిరినాము. నాలుగు సాయంకాలాలకు ఊరికి తిండి కలిగినది. మనుషుల జోలికి పోయినప్పుడు మాత్రం అక్కడికక్కడే ఒక దెబ్బ. అంతకు మించి లేదు. కొంతకాలానికి అదీ మానినది. ఈ ఆటలో జంతువు నడవడి దాని ఒంటిమీదనే కనపడుతుంది. మంచిదైతే తెల్లబడి కళకట్టుతుంది, క్రూరమైతే నల్లబడి భయంకరమవుతుంది. మా ఆవు పూర్తిగా తెల్లబడలేదు. కారణం అడిగితే మనుమడు చెప్పినాడు: మునుపటి దెబ్బలను అది తుడిచివేయదట. కొత్త మెప్పులు చేరినకొద్దీ సగటు మారుతుందట, అంతే.

ఆటలో లోపాలు లేవని కాదు. ఏ పనికి మెచ్చినామో, ఏ పనికి కొట్టినామో ఆడేవానికి తెలియక తికమకపడేవారు చాలమంది. 2005లో వచ్చిన రెండవ భాగంలో జంతువు తలంపులను అక్షరాలతో తెరమీద చూపినారు. పెంచటం దానివల్ల సులువైనది. కాని మా మాట అడిగితే, మొదటి ఆటలోని ఆ చీకటే నిజమైన పెంపకానికి దగ్గర. పిల్లల తలమీద అక్షరాలు కనపడవు గదా.

ఇది పిల్లల కాలక్షేపమని త్రోసివేయటానికి వీలులేదు. ఈ ఆట తయారైన తొలినాళ్లలో లయన్‌హెడ్‌లో పనిచేసిన యువకులలో డెమిస్ హస్సాబిస్ ఒకడు. ఆయన 2010లో డీప్‌మైండ్ అనే సంస్థను స్థాపించినవారిలో ముఖ్యుడైనాడు. 2024లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం పంచుకొన్నాడు. ఎవాన్స్ కూడా తరువాత డీప్‌మైండ్‌లో పనిచేసినాడు. నేడు మనం ప్రశ్న వేస్తే సమాధానం చెప్పే యంత్రాలున్నవి. వాటి శిక్షణలో ఒక భాగం మనుషుల మెప్పుతోనే నడుస్తున్నది. రెండు సమాధానాలు చూపి, ఏది బాగున్నదని అడుగుతారు. మెచ్చినదానివైపు యంత్రం ఒరుగుతుంది. నచ్చిన మాటను మెచ్చి, నచ్చని నిజాన్ని త్రోసివేస్తూ పోతే అది ఏమి నేర్చుకొంటుందో మా ఇంటి కథే చెబుతున్నది. ఆవైనా, యంత్రమైనా, బిడ్డయినా, మనం చెప్పదలచుకొన్నది నేర్చుకొనరు. మన చేయి ఏ క్షణంలో ఎట్లా తగిలినదో అది నేర్చుకొంటారు.

పండుగ వెళ్లిన వారానికి మా అబ్బాయి ఫోను చేసినాడు. అంతా బాగానే ఉన్నదన్న తరువాత కొంచెం ఆగి, కొత్త ఉద్యోగంలో కూడా ఏదో చిక్కు వచ్చినదని చెప్పినాడు. పూర్వమైతే ముందే ఎందుకు జాగ్రత్తపడలేదని అడిగేవాళ్లము. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చినది. దానిని అక్కడనే ఆపి, "చెప్పి మంచిపని చేసినావు నాయనా" అన్నాము. అవతల కొంతసేపు మాట లేదు. తరువాత వాడు ఆ రాత్రి ఒక గంటసేపు మాట్లాడినాడు.